వెతికితే దొరకని దస్తావేజు: ఒక సెర్చ్ రిపేరు కేసు

2024 వేసవిలో ఒక మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి ఫోన్ వచ్చింది. చేసినాయన తిరుపతి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దస్తావేజు లేఖరి. ముప్పై ఏళ్లకు పైగా ఇదే పని. చేత్తో రాయడంతో మొదలుపెట్టి, టైపు మిషన్ మీదుగా కంప్యూటర్‌కి వచ్చారు. కంప్యూటర్లు రిపేరు చేసే నాకు చాలా పాత కస్టమర్. పేరు రాయడం లేదు, పెద్దాయన అంటాను.

‘‘నాయనా, కంప్యూటర్లో సెర్చ్ పని చెయ్యల్లేదు. నిన్నట్నుంచి ఒక దస్తావేజు ఎతకతా ఉండా. ఉండాది, నాకు తెలుసు. కానీ రాలేదు. రేపు బుధవారం రిజిస్ట్రేషన్. 12కి రాహుకాలం, ఆలోపల సంతకాలు అయిపోవాల. ఒకసారి వచ్చి చూడు నాయనా.’’

ఆయన వెతుకుతున్నది చంద్రగిరి మండలంలో ఒక కుటుంబం 2011లో రాయించుకున్న భాగపరిష్కార దస్తావేజు డ్రాఫ్టు. అన్నదమ్ముల్లో ఒకరు ఇప్పుడు తన వాటా అమ్ముతున్నారు. ఆ పాత దస్తావేజులో ఉన్న చెక్కుబందీ కొత్త సేల్ డీడ్‌లోకి అక్షరం మారకుండా రావాలి. తూర్పున ఎవరి పొలం, పడమర ఏ వంక, ఉత్తరాన ఏ దోవ, దక్షిణాన ఏ గట్టు. ఇందులో ఒక్క మాట తేడా వస్తే అది కోర్టు దాకా పోతుంది. ఒరిజినల్ కాగితం బెంగళూరులో ఉన్న పెద్దన్న దగ్గర ఉంది, ఆయన రేపు పొద్దున నేరుగా రిజిస్ట్రేషన్ టైముకే వస్తున్నారు. డ్రాఫ్టు మాత్రం ఈరోజే తయారు కావాలి. పెద్దాయన టెన్షన్ నాకు అర్థమైంది. బ్యాగు తీసుకుని పావుగంటలో అక్కడున్నాను.

మిషన్ 2015లో నేనే అసెంబుల్ చేసి ఇచ్చింది. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. తర్వాత విండోస్ 10 వేశాను. డిస్క్‌ని రెండు భాగాలు చేసి సీలో విండోస్, డీలో దస్తావేజులు పెట్టాం. డీలో దగ్గర దగ్గర 14 వేల ఫైళ్లున్నాయి. ఇంకో మాట: టేబుల్ కింద ఉన్న యూపీఎస్ బ్యాటరీ పోయి ఏడాదైంది. కరెంటు పోతే మిషన్ టప్పున ఆగిపోతుంది. ఆ వేసవిలో అది ఎన్నిసార్లు ఆగిందో ఎవరూ లెక్కపెట్టలేదు.

నేను వెళ్లగానే మౌస్ పట్టుకోను. ‘‘సార్, మీరు రోజూ ఎలా వెతుకుతారో అలాగే వెతికి చూపించండి’’ అంటాను. కస్టమర్ చెప్పే మాట ఒకటి, వేలు చేసే పని ఒకటి ఉంటుంది. సెర్చ్ పనిచేయడం లేదు అనే ఒక్క మాట కింద కనీసం నాలుగైదు వేర్వేరు జబ్బులుంటాయి. బాక్స్ తెరుచుకోదు. తెరుచుకుంటుంది, టైపు పడదు. టైపు పడుతుంది, తెల్లగా ఉండిపోతుంది. ప్రోగ్రాములు వస్తాయి, ఫైళ్లు రావు. ఫైలు పేరు దొరుకుతుంది, లోపలి మాట దొరకదు. ఒక్కోదానికి ఒక్కో మూలం, ఒక్కో వైద్యం.

పెద్దాయన టాస్క్‌బార్ మీది సెర్చ్ బాక్స్ నొక్కారు. తెరుచుకుంది. కీబోర్డు మీద కొట్టారు. ఒక్క అక్షరం పడలేదు. అదే కీబోర్డుతో వర్డ్‌లో బ్రహ్మాండంగా పడుతోంది. ‘‘చూసినావా నాయనా’’ అన్నారు. ఆ తర్వాత ఇంకో మాట కూడా అన్నారు: ‘‘ఇది ఇప్పుడు పాడైంది గానీ, తెలుగులో ఊరి పేరు కొడితే ముందు కూడా ఏపొద్దూ రాలేదులే.’’ ఆ మాట నేను ఆ క్షణంలో విని వదిలేశాను. నాలుగు రోజుల తర్వాత మళ్లీ దాని దగ్గరికే రావాల్సి వచ్చింది.

టైపు పడకపోవడం

ఇది తేలిక కేసు, కానీ చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. విండోస్ 10లో సెర్చ్ బాక్స్, స్టార్ట్ మెనూ, సెట్టింగ్స్ లాంటి చోట్ల మనం కొట్టే అక్షరాన్ని అందించే చిన్న ప్రోగ్రాం ఒకటుంది. పేరు సీటీఎఫ్‌మాన్. అది నడవకపోతే వర్డ్, నోట్‌ప్యాడ్ లాంటి పాత తరహా ప్రోగ్రాముల్లో టైపు మామూలుగా పడుతుంది, సెర్చ్‌లో పడదు. పెద్దాయన మిషన్‌లో కనిపించింది సరిగ్గా ఇదే.

టాస్క్ మేనేజర్‌లో చూస్తే సీటీఎఫ్‌మాన్ లేదు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి రన్ బాక్స్‌లో దాని పేరు కొట్టి ఎంటర్ ఇచ్చాను. వెంటనే సెర్చ్ బాక్స్‌లో అక్షరాలు పడ్డాయి. అయితే ఇలా చేసి వదిలేస్తే రేపు ఆన్ చేయగానే మళ్లీ ఇదే కథ. టాస్క్ షెడ్యూలర్‌లో మైక్రోసాఫ్ట్, విండోస్, టెక్స్ట్ సర్వీసెస్ ఫ్రేమ్‌వర్క్ అనే ఫోల్డర్లు దిగితే ఎంఎస్‌సీటీఎఫ్ మానిటర్ అనే టాస్క్ ఉంటుంది. లాగిన్ అయినప్పుడు సీటీఎఫ్‌మాన్‌ని లేపేది అదే. ఈ మిషన్‌లో దాన్ని ఎవరో డిసేబుల్ చేసి ఉన్నారు. మళ్లీ ఎనేబుల్ చేశాను.

ఎవరు చేశారని అడిగితే, పక్క వీధిలో డిగ్రీ చదివే కుర్రాడు వారం కింద ‘మిషన్ స్లోగా ఉంది తాతా’ అని ఒక వీడియో చూసి ఏవో ఆపాడట. విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే రిజిస్ట్రీలో కూడా వాడి చెయ్యి కనిపించింది. మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ సెర్చ్ అయిన బింగ్‌ని ఆపే ఒక విలువ కొత్తగా చేర్చి ఉంది. ఆ చిట్కాకి ఒక చరిత్ర ఉంది. 2020 ఫిబ్రవరి 5న ప్రపంచమంతటా విండోస్ 10 సెర్చ్ బాక్స్ తెల్లగా ఉండిపోయింది. తప్పు మిషన్లలో లేదు, మైక్రోసాఫ్ట్ సర్వర్ల వైపు ఉంది. ఆ రోజు బింగ్‌తో లింకు తెంచితే సెర్చ్ తిరిగి వచ్చింది. నేను కూడా ఆ రోజు ఫోన్లోనే ఎంతోమందికి ఆ చిట్కా చెప్పాను. కానీ ఆ మందు ఆ రోజు జబ్బుకి. ఇప్పటికీ సెర్చ్ అనే మాట వినగానే అదే రాసిచ్చే వీడియోలు తిరుగుతూనే ఉన్నాయి. కుర్రాడిని నేను తప్పుపట్టను. వాడు మంచికే చేశాడు. ఇంకా చెప్పాలంటే, మిషన్ స్లోగా ఉందని మొదట గమనించింది వాడే. ఆ స్లోకి కారణమేంటని ఎవరూ అడగలేదు, అంతే.

ఫైలు రాకపోవడం

టైపు పడ్డాక పెద్దాయన మొహం వెలిగింది. పార్టీ పేరు కొట్టారు. ఏమీ రాలేదు. డీ డ్రైవ్ తెరిచి పైన కుడివైపు బాక్స్‌లో కొట్టారు. ఆకుపచ్చ గీత కదిలింది, ముప్పాతిక దాకా వెళ్లి ఆగింది. ఆగిందంటే ఆగింది. టీ వచ్చింది, తాగాం, గీత అక్కడే ఉంది.

ఇండెక్సింగ్ ఆప్షన్స్ తెరిచాను. ఫైళ్ల లెక్క ఉండాల్సిన చోట, స్టేటస్ కోసం వెయిట్ చేస్తున్నట్టు ఒక లైను. బటన్లు నొక్కడానికి రావడం లేదు. సర్వీసెస్‌లో విండోస్ సెర్చ్ సర్వీస్ ఆగిపోయి ఉంది. స్టార్ట్ చేస్తే లేస్తుంది, నిమిషంలో పడిపోతుంది.

ఇక్కడ ఒక్క మాట వివరించాలి. సెర్చ్ కొట్టిన ప్రతిసారీ విండోస్ డిస్క్ అంతా తిరిగి రాదు. ముందే ఒక సూచిక రాసి పెట్టుకుంటుంది. పెద్దాయన ఆఫీసులో ఎర్ర అట్ట రిజిస్టరు ఉంటుంది చూశారా, ఏ ఏడాది ఏ పార్టీ ఏ పత్రం అని, అలాంటిదే. విండోస్ 10లో ఆ రిజిస్టరు సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్ డేటా కింద విండోస్.ఈడీబీ అనే ఒకే ఒక పెద్ద ఫైలు. ఆ ఫైలు చెడిందన్నది ఇప్పుడు స్పష్టం. దీనికి అందరికీ తెలిసిన వైద్యం రీబిల్డ్. పాత సూచిక తీసేసి కొత్తగా రాయించడం. నేనే ఎన్నోసార్లు అలా చేసి గంటలో పని ముగించి వచ్చాను. పెద్దాయన తొందర చూస్తే ఆ రోజు కూడా చెయ్యి అటే పోయింది.

కానీ ఆ ఆకుపచ్చ గీత ఆగిన తీరు నాకు నచ్చలేదు. సూచిక చెడితే జవాబు తప్పు రావాలి, లేదా రాకూడదు. గీత అంతసేపు ఒక్కచోట ఇరుక్కుందంటే డిస్క్ ఏదో చదవలేక చదవలేక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోందని అనుమానం వచ్చింది. కేబినెట్‌కి చెవి ఆనించి విన్నాను. మామూలు గరగర మధ్యలో రెండు మూడు సెకన్లకొకసారి చిన్నగా టిక్, మళ్లీ టిక్.

మిషన్‌లో జరిగిన తప్పుల చిట్టా ఉండే ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. అప్లికేషన్ లాగ్‌లో ఈఎస్ఈఎన్‌టీ అనే మూలం నుంచి, సెర్చ్ ఇండెక్సర్ పేరు మీద, 474 నంబరు ఎర్రర్లు వరసగా ఉన్నాయి. లోపల మైనస్ 1018. దీనర్థం, సూచికలోని ఒక పేజీ చదివితే సరిచూసుకోవడానికి అందులో రాసిపెట్టిన చెక్‌సమ్ అనే లెక్కకీ, వచ్చిన అంకెలకీ పొత్తు కుదరలేదని. ఇది ఒక్కటే అయితే కరెంటు పోయినప్పుడు సగం రాసిన పేజీ అనుకోవచ్చు. యూపీఎస్ లేని ఆఫీసులో అది పెద్ద విశేషం కాదు. అందుకే సిస్టమ్ లాగ్ కూడా చూశాను. అక్కడ డిస్క్ అనే మూలం నుంచి 7వ నంబరు ఎర్రర్, డిస్క్ మీద బ్యాడ్ బ్లాక్ ఉందని. ఒకటి కాదు, పేజీలకు పేజీలు. మొదటిది ఐదు వారాల కిందటిది. సెర్చ్ ఎర్రర్లు మొదలైంది ఆ తర్వాతే.

పెన్ డ్రైవ్‌లోంచి, డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో నడిపాను. ఆరోగ్యం దగ్గర పసుపు రంగు, కాషన్. సీ5 అనే లైనులో, అంటే చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్ల (డిస్క్ మీది చిన్న గడుల) లెక్కలో, చివర 58 అని ఉంది. ఈ సాఫ్ట్‌వేర్ ముడి విలువల్ని మామూలుగా పదికి బదులు పదహారుతో లెక్కించే హెక్సాడెసిమల్ పద్ధతిలో చూపిస్తుంది. కాబట్టి అది 58 కాదు, ఐదు పదహార్లు ఎనభై, మీద ఎనిమిది, 88. ఎనభై ఎనిమిది చోట్ల డిస్క్ తను రాసింది తనే చదవలేకపోతోంది.

ఆ క్షణంలో రీబిల్డ్ నొక్కి ఉంటే ఏమయ్యేదో చెప్తాను, ఎందుకంటే ఈ కేసు రాయడానికి అసలు కారణం అదే. రీబిల్డ్ అంటే 14 వేల ఫైళ్లనీ ఒక్కొక్కటిగా తెరిచి మొదటి నుంచి చివరి దాకా చదవడం. గంటల కొద్దీ. ప్రాణం మీదికొచ్చిన డిస్క్‌తో చేయించకూడని పని అంతకంటే ఇంకోటి లేదు. డిస్క్ తప్పుల్ని సరిచేసే విండోస్ కమాండ్ చెక్ డిస్క్‌కి /ఆర్ తగిలించి నడపడం కూడా అలాంటిదే. అది మొత్తం డిస్క్‌ని గాలిస్తుంది, పైగా ఫైల్ సిస్టమ్‌ని తనకు తోచినట్టు సర్దుతుంది. డేటా బయటికి తీసిన తర్వాత అయితే ఫర్వాలేదు. తీయకముందు అయితే, సర్దుబాటులో ఏ దస్తావేజు ముక్కలవుతుందో చెప్పలేం.

అన్నిటికంటే ముందు సెర్చే ఎందుకు చెడింది? దీనిమీద నేను చాలా ఆలోచించాను. పెద్దాయన 2011లో రాసిన డ్రాఫ్టుని ఆ తర్వాత ఒక్కసారి కూడా తెరవలేదు. అది ఉన్న సెక్టార్ చచ్చినా, తెరిచే రోజు దాకా ఎవరికీ తెలియదు. సెర్చ్ సూచిక అలా కాదు. మిషన్ ఆన్‌లో ఉన్నంతసేపూ అందులో రాస్తూనే ఉంటుంది, చదువుతూనే ఉంటుంది, పేజీ పేజీకీ లెక్క సరిచూసుకుంటుంది. అందుకే డిస్క్‌లో తేడా వస్తే గట్టిగా అరిచేవాటిలో అది ముందుంటుంది. సూచిక ఎందుకు చెడిందో చూడకుండా దాన్ని తుడిచేసి కొత్తది రాయించడమంటే, జ్వరం ఎందుకొచ్చిందో అడక్కుండా మాత్ర మింగించడమే. ఈ కేసు తర్వాత నేను ఏ మిషన్‌లోనూ ఈవెంట్ లాగ్ చూడకుండా, డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే చెప్పే స్మార్ట్ విలువలు (ఆ సీ5 లాంటివి) చూడకుండా రీబిల్డ్ నొక్కలేదు. రెండూ కలిపి ఐదు నిమిషాల పని.

పెద్దాయనకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ‘‘సార్, పోయింది సెర్చ్ కాదు. డిస్క్ పోతా ఉంది. ముందు రేపటి ఫైలు తీస్తాను. తర్వాత మిగతావి తీస్తాను. ఆ తర్వాతే సెర్చ్ సంగతి.’’ ఆయన కాసేపు మాట్లాడలేదు. గోడ మీది శ్రీవారి పటం వైపు ఒకసారి చూసి, ‘‘నీ ఇష్టం నాయనా, జాగ్రత్తగా చెయ్యి’’ అన్నారు.

సూచిక లేకుండా వెతకడం

డిస్క్‌ని ఎక్కువ కదిలించకుండా ఫైలు పేరు పట్టుకోవాలి. దీనికి ఎవ్రీథింగ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ వాడతాను, ఇన్‌స్టాల్ అక్కర్లేని రకం. అది ఫైళ్ల లోపలికి వెళ్లదు. విండోస్ మామూలుగా వాడే ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతి డిస్క్‌లో అన్ని ఫైళ్ల పేర్లూ ఉండే పట్టిక ఒకటుంటుంది, ఎంఎఫ్‌టీ అని. దాన్ని మాత్రం చదివి పేర్లు చూపిస్తుంది. అదృష్టం, ఆ పట్టిక ఉన్న చోటు బాగానే ఉంది. పది సెకన్లలో పేర్లన్నీ వచ్చాయి.

పార్టీ పేరు కొడితే అప్పుడూ రాలేదు. కారణం స్పెల్లింగ్. మా జిల్లాలో ముని అని మొదలయ్యే పేర్లు వీధికి పదుంటాయి. మునిరత్నం అని ఇంగ్లీషులో రాయమంటే ఒకరు టీ పక్కన హెచ్ వేస్తారు, ఒకరు వేయరు, ఇంకొకరు మధ్యలో ఐ కూడా చేరుస్తారు. 2011లో టైపు చేసిన అమ్మాయి ఏది వేసిందో ఎవరికి గుర్తు? అందుకని పేరు వదిలేసి తేదీ పట్టుకున్నాం. 2011లో సేవ్ అయిన వర్డ్ ఫైళ్లు ఆరువందల పైచిలుకు. అందులో పార్ట్ (పార్టిషన్, అంటే భాగపరిష్కారం) అనే ముక్క ఉన్నవి నలభై. అక్కడి నుంచి పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో పేరు చదువుతూ వచ్చారు. ‘సీజీఆర్ పార్ట్ ఫైనల్ న్యూ 2’ దగ్గర వేలు పెట్టి, ‘‘ఇదే’’ అన్నారు. సీజీఆర్ అంటే చంద్రగిరి. పార్టీ పేరు ఫైలు పేరులో అసలు లేనే లేదు. సెర్చ్ నిక్షేపంగా ఉన్నా ఆ ఫైలు పార్టీ పేరుతో దొరికేది కాదు.

పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేస్తే ఒక్క క్షణంలో వచ్చింది. నా లాప్‌టాప్‌లో తెరిచాను. స్క్రీన్ నిండా ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు, అర్థం లేని కలగాపులగం. పెద్దాయన చేతులు వణికాయి. ‘‘పాడైపోయిందా నాయనా?’’ పాడవలేదు. ఆ దస్తావేజు ‘అను’ అనే పాత తెలుగు ఫాంటులో టైపు చేసింది, ఆ ఫాంటు నా లాప్‌టాప్‌లో లేదు. ఆయన మిషన్‌లోంచి ఫాంటు ఫైలు తెచ్చి వేయగానే ‘తూర్పు’ అన్న మాటతో చెక్కుబందీ కళ్ల ముందుంది. ఆయన వేలితో ఒక్కో హద్దూ తడుముతూ పైకి చదివారు. ఆ మధ్యాహ్నం నా లాప్‌టాప్ మీదే కొత్త డ్రాఫ్టు కొట్టారు. బుధవారం 11 గంటలకల్లా సంతకాలయ్యాయి.

డేటా బయటికి

డ్రాఫ్టు చేతికొచ్చాక ఆ మిషన్‌లో ఇంకే పనీ చేయనివ్వలేదు. డీలోని దస్తావేజుల ఫోల్డర్‌ని బయటి డిస్క్‌లోకి రోబోకాపీ అనే విండోస్ కమాండ్‌తో తీశాను. మామూలు కాపీ పేస్ట్ అయితే చదవలేని ఫైలు తగిలిన చోట ఆగి అడుగుతుంది. రోబోకాపీలో ఒక మెలిక ఉంది. మనం ఏమీ చెప్పకపోతే చదవలేని ఒక్కో ఫైలునీ పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, సారి సారికీ 30 సెకన్లు ఆగుతుంది. పోతున్న డిస్క్ మీద అది వద్దు. /ఆర్:1, /డబ్ల్యూ:1 అని పెడితే ఒక్క సెకను ఆగి ఒక్కసారి మాత్రం మళ్లీ చూసి, రాకపోతే పేరు లాగ్‌లో రాసుకుని ముందుకు పోతుంది. మూడున్నర గంటలు పట్టింది. 14 వేలల్లో 9 ఫైళ్లు రాలేదు.

రాత్రికి డిస్క్ విప్పి షాపుకి తెచ్చాను. లినక్స్ పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి, చెడిన డిస్క్‌లోంచి డేటా లాగే డీడీరెస్క్యూ పెట్టాను. అది ముందు సులువుగా వచ్చేవన్నీ తీసుకుంటుంది, ఎక్కడ ఆగిందో మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది, చివర్లో చెడ్డచోట్లకి మళ్లీ వెళ్తుంది. ఫ్యాన్ నేరుగా డిస్క్ మీదికి తిప్పి పెట్టాను. మే నెల తిరుపతి రాత్రి అది, గోడలు అర్ధరాత్రికి కూడా వేడి వదలవు. తెల్లారేసరికి ఆ 9లో 2 వచ్చాయి. 7 రాలేదు.

కొత్తగా 500 జీబీ ఎస్ఎస్‌డీ వేశాను. పాత సీని అలాగే క్లోన్ చేసి పెట్టొచ్చు, పని తొందరగా అవుతుంది. కానీ దెబ్బతిన్న సెక్టార్లలో ఎక్కువ భాగం సీలోనే ఉన్నాయి. ఏ సిస్టమ్ ఫైలు సగం చచ్చి ఉందో తెలియని విండోస్‌ని ఆయన చేతిలో పెట్టడం ఇష్టం లేక కొత్తగా వేశాను. యూపీఎస్‌కి 12 వోల్టుల బ్యాటరీ మార్పించాను. అప్పటికి విండోస్ 10కి సపోర్టు ఉంది. 2025 అక్టోబర్ 14తో అది ముగిసింది. నాలుగో తరం ప్రాసెసర్ విండోస్ 11 అర్హత జాబితాలో లేదు. ఇదే కేసు ఇవాళ వస్తే ఎస్ఎస్‌డీ దగ్గర ఆగకుండా మిషనే మార్చుకోమని చెప్తాను.

తెలుగులో వెతికితే

కొత్త విండోస్‌లో ఇండెక్స్ మామూలుగా యూజర్ ఫోల్డర్లనీ, స్టార్ట్ మెనూనీ మాత్రమే చూస్తుంది. డీ డ్రైవ్ దానికి పట్టదు. ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లో మాడిఫై నొక్కి దస్తావేజుల ఫోల్డర్‌కి టిక్కు పెట్టాలి. మనం పని చేస్తుంటే ఇండెక్సింగ్ నెమ్మదిస్తుంది కాబట్టి రాత్రంతా ఆన్‌లో ఉంచమన్నాను. శనివారం వెళ్లేసరికి పూర్తయింది.

ఆయన్నే కూర్చోబెట్టి వెతకమన్నాను. ఫైలు పేరు ముక్క కొట్టారు, వచ్చింది. సర్వే నంబరు కొట్టారు, ఆ నంబరు లోపల ఉన్న దస్తావేజులన్నీ వరసగా వచ్చాయి. చంద్రగిరి అని తెలుగులో కొట్టారు. ఒక్కటీ రాలేదు. మంగళవారం నేను విని వదిలేసిన మాట అప్పుడు గుర్తొచ్చింది.

కారణం చెప్పడం కంటే చూపించడం మేలనిపించింది. ఒక దస్తావేజులో ‘చంద్రగిరి’ అన్న మాట సెలెక్ట్ చేసి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేశాను. ఏదో ఇంగ్లీషు అక్షరాల గుంపు పడింది. ‘‘సార్, మీకు కనపడేది చంద్రగిరి. కంప్యూటర్ దాచుకున్నది ఇది. ‘అను’ ఫాంటు ఈ గుంపుకి తెలుగు బొమ్మ తొడుగుతుంది. సెర్చ్‌కి బొమ్మ కనపడదు, గుంపే కనపడుతుంది. మీరు యూనికోడ్ తెలుగులో, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉన్న పద్ధతిలో అడుగుతారు, అక్కడ తెలుగే లేదు.’’ ఆయన నోట్‌ప్యాడ్ వంక చాలాసేపు చూశారు. ‘‘అంటే ముప్పై ఏండ్లుగా నేను రాసింది తెలుగు కాదా?’’ అన్నారు. కాగితం మీద తెలుగే సార్, నూటికి నూరు పాళ్లు తెలుగే అన్నాను. ఆ ప్రశ్న మాత్రం నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. విండోస్ ఎక్స్‌పీతోనే గౌతమి ఫాంటు వచ్చింది. అయినా మన దస్తావేజులు, కరపత్రాలు, పెళ్లి కార్డులు లెక్కలేనన్ని కంప్యూటర్ల దృష్టిలో అర్థం లేని గుర్తులుగానే మిగిలాయి.

సర్వే నంబర్లు ఎందుకు దొరికాయంటే, ఆయనకి అంకెలు ఇంగ్లీషు ఫాంటులో కొట్టే అలవాటు. ఆ అలవాటే ఇప్పుడు దారి చూపించింది. అన్నీ యూనికోడ్‌లోకి మార్చేద్దామా అని ఆయనే అడిగారు. కన్వర్టర్లు ఉన్నాయి. నేను వద్దన్నాను. పత్రిక వ్యాసమైతే మార్చి ఒకసారి చదువుకుంటే సరిపోతుంది. దస్తావేజులో ఒక వత్తు జారినా, ఒక సున్న ఎగిరినా మనిషి పేరు మారిపోతుంది. 14 వేల పత్రాల్ని అక్షరం అక్షరం సరిచూసేవాళ్లెవరు? కొత్తవి యూనికోడ్‌లో కొట్టమన్నాను. ఆయన వేళ్లకి ఇరవై ఏళ్లుగా పట్టిన కీబోర్డు అమరిక మార్చుకోమనడం న్యాయం కాదు కాబట్టి, ఆ పని ఆయన దగ్గర కొత్తగా చేరిన అమ్మాయికి అప్పగించాం.

పాతవాటికి మాత్రం ఫైలు పేరే గతి. ఏడాది, మండలం, గ్రామం, సర్వే నంబరు, పత్రం రకం, ఈ వరస తప్పకూడదని తేల్చుకున్నాం. జిల్లా పేరు వద్దన్నాను. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది కదా, అప్పటి నుంచి ఒకే ఊరి పత్రాలు సగం ‘చిత్తూరు’ ఫోల్డర్‌లో, సగం ‘తిరుపతి’ ఫోల్డర్‌లో పడి ఉన్నాయి. మండలాల పేర్లకి ఒకే స్పెల్లింగ్ ఉండేలా ఒక కాగితం మీద పట్టిక రాసి మానిటర్ పక్కన అతికించాం. 14 వేలూ ఒకేసారి మార్చలేరు. పాత ఫైలు ఏది పనిపడి తెరిస్తే దాన్ని మూసేముందు పేరు మార్చి మూయాలని ఒప్పందం. ఫైలు పేరులో సర్వే నంబరు మధ్యలో వచ్చే ఏటవాలు గీత (/) పడదని, దాని బదులు చిన్న అడ్డగీత (-) వేయాలని ఆ అమ్మాయి మొదటి రోజే కనిపెట్టి పట్టిక కింద రాసుకుంది.

ఇక ఆ 7 ఫైళ్లు. 4 పత్రాల జిరాక్సులు బీరువాలో దొరికాయి, వాటిని మళ్లీ టైపు చేయించారు. 3 ఎక్కడా లేవు. వాటి వివరాలు రిజిస్టరు చూసి తెల్లకాగితం మీద రాసి టేబుల్ అద్దం కింద పెట్టుకున్నారు, ఆ పార్టీలు ఎప్పుడైనా ఆఫీసు వైపు వస్తే ఒరిజినల్ అడిగి స్కాన్ చేసుకోవాలని. పాత డిస్క్ మీద తేదీ, 88 అనే అంకె రాసిన స్టిక్కర్ అంటించి నా షాపు అరలో పెట్టాను. సంక్రాంతి ముందు ప్రింటర్ పని మీద వెళ్లినప్పుడు అద్దం కింద చూస్తే, ఆ మూడు లైన్లలో రెండు ఎర్ర ఇంకుతో కొట్టేసి ఉన్నాయి.